మాత్ర పొద్దున్నే, బువ్వ పొద్దెక్కినాక

లక్నవరం చెరువు కింద వానాకాలం నాట్లు ముమ్మరంగా సాగుతున్న రోజులవి. కూలి రేట్ల సంగతి మాట్లాడదామని ఆ ఆయకట్టులోని ఒక ఊరికి మేము పోయాం. మడిలో పదిహేను మంది దాకా ఆడవాళ్లు వరుసగా వంగి నాటు వేస్తున్నారు. పొద్దు పదకొండు దాటింది. ఉన్నట్టుండి వరుసలోంచి ఒక నడివయసు మనిషి లేచి, నాలుగడుగులు తూలి, ఒడ్డు మీద కూలబడింది. ఒళ్లంతా చెమట. చేతులు వణుకుతున్నాయి. పిలిస్తే ఊఁ అంటున్నది గాని మాట కుదరడం లేదు. ఎండదెబ్బ అన్నారొకరు. గాలి సోకిందన్నారు ఇంకొకరు. నారు మోస్తున్న పిలగాడొకడు, పొద్దున్నే కల్లు తాగొచ్చిందేమోనని నవ్వాడు కూడా.

ముఠాలో పెద్దావిడ వచ్చి వాడి నోరు మూయించింది. "దానికి షుగరున్నదిర. మాత్ర ఏస్కొని వచ్చింది, ఇంక ఏం తినలే" అంటూ, రైతు ఇంటి నుంచి వచ్చిన చాయ్‌లో గ్లాసెడు వంచి, గుక్క గుక్కగా తాగించింది. పది, పదిహేను నిమిషాలకు మనిషి తేరుకుంది. తేరుకున్నాక అడిగిన మొదటి మాట: "ఇంక ఎన్ని మళ్లున్నయే?"

ఆ పని గుత్త పని. ఎకరానికి ఇంత అని ముఠా మాట్లాడుకుంటుంది. నాటు తొందరగా అయితే ఇంకో మడి దొరుకుతుంది. అందుకని ఎవరూ మధ్యలో గట్టెక్కరు. తెల్లారకముందే లేచి, ఇల్లూడ్చి, వండి, సద్ది కట్టుకొని, ట్రాలీ ఆటో ఎక్కుతారు. బువ్వ గిన్నె విప్పేది పన్నెండు దాటాకనే. షుగర్ మాత్ర మాత్రం పొద్దున ఆరింటికే, ఒట్టి చాయ్‌తో కడుపులో పడుతున్నది.

సాయంత్రం ఆమె ఇంటి ముందు కూర్చున్నప్పుడు అడిగాం. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాం: "మాత్ర ఏస్కుంటె ఆకలైతది బిడ్డా. ఆకలైతె తినాలె. తినుడంటె మన దగ్గర ఏమున్నది, బువ్వే. బువ్వ తింటె షుగర్ పెరిగిందని డాక్టర్ కోపం జేస్తడు. గందుకే నాట్లయ్యేదాక మాత్ర బంద్ పెడదామనుకుంటున్న."

ఈ లెక్క తప్పే. మాత్ర మానేస్తే ఆ నెల రోజుల్లో నెత్తుట్లో చక్కెర ఎక్కడికి పోతుందో ఎవరూ చెప్పలేరు. కళ్లు, మూత్రపిండాలు, కాళ్ల నరాలు మెల్లగా తినిపోతాయి. బురదలో చెప్పుల్లేకుండా పనిచేసే కాలికి పుండయితే మానదు. అయితే ఆమె లెక్కలో తర్కం లేదని ఎవరన్నా అంటే మాత్రం మేము ఒప్పుకోం. ఆకలి, మాత్ర, బువ్వ ఈ మూడింటి మధ్య ఆమెకు చిక్కిన ముడి నిజమైనదే. ఆమెకు చీటీ రాసినవాళ్లెవరూ ఆ ముడి విప్పి చెప్పలేదు. ఆ చీటీ కూడా చూశాం. "అన్నం తగ్గించాలి. చపాతీ, పండ్లు, బాదం పప్పు తీసుకోవాలి. రోజూ అరగంట నడవాలి" అని ఉంది. పొద్దంతా నడుం వంచి బురదలో వెనక్కి నడిచే మనిషికి అరగంట నడక రాసిన కలాన్ని ఏమనాలి?

తిన్నది అరగని వాళ్ల జబ్బేనా?

షుగర్ అనేది కూర్చుని తినేవాళ్లకు వచ్చే జబ్బని మనలో చాలామంది ఇప్పటికీ అనుకుంటున్నారు. లావుగా ఉంటేనే వస్తుందనీ, ఎముకలు తేలిన కూలి మనిషికి ఎట్లా వస్తుందనీ అడుగుతారు. దేశం మొత్తం మీద చేసిన సర్వే లెక్కలను భారత వైద్య పరిశోధన మండలి 2023లో బయటపెట్టింది. షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్ల 10 లక్షల మంది అని తేలింది. ఇంకా 13 కోట్ల 60 లక్షల మంది దాని అంచున ఉన్నారు. ఇంతమంది ధనికులు ఈ దేశంలో ఎక్కడున్నారు?

ఆకలికీ ఈ జబ్బుకూ సంబంధం ఉందన్న మాట కొత్తదేమీ కాదు. 1992లో ఇంగ్లండు శాస్త్రజ్ఞులు హేల్స్, బార్కర్ ఒక వాదన ముందుకు తెచ్చారు. తల్లి కడుపులో ఉన్నప్పుడు తిండి అందని బిడ్డ శరీరం, ఉన్నదాన్నే పొదుపుగా వాడుకునేట్టు తయారవుతుందనీ, ఇన్సులిన్ చేసే క్లోమం అంతగా ఎదగదనీ, అటువంటి బిడ్డకు పెద్దయ్యాక షుగర్ వచ్చే ప్రమాదం ఎక్కువనీ వాళ్లన్నారు. పుణెలో డాక్టర్ యాజ్ఞిక్ బృందం 1993 నుంచి పల్లెటూరి తల్లులనూ బిడ్డలనూ వెంబడించి చూసింది. మన పిల్లలు బరువు తక్కువతో పుడుతున్నారు, కండ తక్కువగా ఉంటుంది, ఆ చిన్న ఒంట్లో కూడా కొవ్వు మాత్రం పాలు ఎక్కువగా ఉంటుంది అని వాళ్లు తేల్చారు. చూపుకు బక్కమనిషే, లోపల మాత్రం లావు మనిషికి వచ్చే చిక్కులన్నీ ఉంటాయి.

పోషణ లేక వచ్చే షుగర్ ఇంకొకటి వేరే ఉంది. 1955లో జమైకాలో ఒక వైద్యుడు దాన్ని గుర్తించి రాశాడు. 1985లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానికొక పేరు పెట్టి పట్టికలో చేర్చింది. 1999లో రుజువులు చాలవని తీసేసింది. మళ్లీ 2025లో అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య దాన్ని "టైప్ 5" అని గుర్తించింది. పేదవాని జబ్బుకు పట్టికలో చోటు దొరకడానికి డెబ్బయ్యేళ్లు పట్టిందన్నమాట. మన ఊళ్లలోని షుగరంతా ఇదేనని మేము అనడం లేదు. ఎక్కువ మందికి ఉన్నది మామూలు టైప్ 2 షుగరే. కాని బక్కగా ఉన్నాను గనుక నాకు రాదు అనే ధీమా ఎవరికీ పనికిరాదు. 30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ ఊళ్లోనే షుగర్, బి.పి. పరీక్ష చేయాలన్నది ప్రభుత్వ కార్యక్రమమే. ఆశా కార్యకర్త ఇంటికొచ్చినప్పుడు వేలు చాచండి.

చెరువు నిండా నీళ్లు, మడి ఎండుతున్నది

ఆకలి సంగతికి వద్దాం. షుగర్ ఉన్నవాళ్లకు ఆకలి రెండు తీర్లుగా వస్తుంది. ఈ రెండింటికీ తేడా తెలియకనే మన మనుషులు పడిపోతున్నారు.

లక్నవరం కింద, రామప్ప కింద వ్యవసాయం చేసేవాళ్లకు ఇది చెప్పడం తేలిక. చెరువు నిండుగా ఉంది. కాల్వలో నీళ్లు పారుతున్నాయి. కాని మడికి తూము తెరిచే నీరటి రాలేదు. మడి ఎండుతుంది. కాల్వ గండి పడి నీళ్లు ఎటో పోతాయి. మన నెత్తుటిలో చక్కెర ఆ కాల్వ నీళ్ల వంటిది. ఒంట్లోని కండ, కణం మడి వంటివి. ఇన్సులిన్ అనే రసం నీరటి. షుగర్ జబ్బులో నీరటి సరిగా రాడు, లేదా వచ్చినా తూము పట్టేసి లేవదు. నెత్తురు నిండా చక్కెర ఉన్నా కణం ఆకలి ఆకలి అని మొత్తుకుంటుంది. అందుకే షుగర్ బాగా పెరిగిన మనిషి తిన్న గంటకే మళ్లీ తిండి అడుగుతాడు. దప్పిక, మాటిమాటికి మూత్రం, బరువు తగ్గడం దానికి తోడు. ఈ ఆకలికి ఇంకో కంచం బువ్వ పెడితే కాల్వలోకి ఇంకా నీళ్లు వదిలినట్టే. ఇది తిండితో తీరే ఆకలి కాదు, మాత్రతో తీరవలసినది.

రెండో ఆకలి దీనికి తిరగబాటు. మాత్ర వేసుకున్నాం, తిండి తినలేదు, ఎండలో పని చేస్తున్నాం. పనిచేసే కండ ఇన్సులిన్ కోసం ఎదురుచూడకుండా తనంత తానే నెత్తుటిలోని చక్కెరను లాక్కుంటుంది. అటు మాత్ర, ఇటు పని, రెండూ కలిసి చక్కెరను 70 మిల్లీగ్రాముల కిందికి దించుతాయి. అప్పుడు వచ్చేది ఆగలేని ఆకలి, దానితో చెమట, వణుకు, గుండెదడ, కళ్లు మసకబారడం, చిరాకు, పొంతన లేని మాటలు. ఇంకా కిందికి పోతే స్పృహ తప్పుతుంది, ప్రాణం కూడా పోతుంది. ఆ రోజు ఒడ్డు మీద మేము చూసింది ఇదే. నాట్ల మడిలో అందరికీ చెమటే కాబట్టి ఈ చెమటను ఎవరూ పట్టించుకోరు. తూలుతాడు గనుక తాగాడంటారు.

ఇట్లా అయినప్పుడు మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగాలి. లేదా పెద్ద ఉసిరికాయంత బెల్లం నమలాలి. పావుగంటలో తగ్గకపోతే మళ్లీ అంతే తీసుకోవాలి. తగ్గాక ఊరుకోకూడదు, కొంచెం బువ్వో రొట్టెనో తినాలి, లేకుంటే గంటకు మళ్లీ మొదలవుతుంది. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి.

అన్ని మాత్రలూ ఇట్లా దించవు. ప్రభుత్వ దవాఖానాల్లో ఎక్కువగా ఇచ్చేవి రెండు రకాలు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడితే చక్కెర ప్రమాదకరంగా పడిపోవడం అరుదు. అది తిండితో పాటు వేసుకుంటే కడుపులో తిప్పదు. గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ జాతి మాత్రలు అట్లా కాదు. అవి క్లోమాన్ని పిండి ఇన్సులిన్ తీస్తాయి, తిన్నావా లేదా అని అడగవు. వాటిని తిండి ముందర పెట్టుకొని వేసుకోవాలి. మీ మాత్ర పేరేమిటో, అది ఏ జాతిదో ఏ.ఎన్.ఎం. అమ్మను అడిగి తెలుసుకోండి. "నేను ఆరింటికి పనికి పోత, పన్నెండింటికి తింట" అని డాక్టరుకు మీ నోటితో చెప్పండి. వేళ మార్చాల్నా, మోతాదు తగ్గించాల్నా, మాత్రే మార్చాల్నా ఆయన చూడాలి. మీ అంతట మీరు మానేయడం గాని, రెండు పూటల మాత్ర ఒకేసారి మింగడం గాని చేయకండి.

కల్లు మాట కూడా ఇక్కడే చెప్పాలి. ఖాళీ కడుపున కల్లో సారో పడితే, ఆపదలో చక్కెర వదలవలసిన కాలేయం ఆ పని మానేస్తుంది. ఈ మాత్రలు వాడేవాళ్లు పని దిగి, తినకుండా తాగి పడుకుంటే తెల్లారి లేవకపోవచ్చు.

ఆరు కిలోల లెక్క

మన బువ్వ గిన్నె ఇట్లా ఎందుకు తయారైందో కొంచెం చూద్దాం. రామప్ప చెరువు కాకతీయుల నాటిది. ఆ గుడి శాసనం 1213 నాటిది. ఎనిమిది వందల ఏళ్లుగా ఈ నేల మీద వరి పండుతున్నది. పండించిన చేతులకు మాత్రం అది పండుగనాటి తిండిగానే ఉండేది. మామూలు రోజుల్లో జొన్న గటక, జొన్న రొట్టె, తైద అంబలి, అడవి దగ్గరి కోయ గూడేల్లో సామలు, కొర్రలు. తెల్లబువ్వ తినాలని మన తాతలకు ఎంత ఆశ ఉండేదో ఇంట్లో ముసలివాళ్లను అడిగితే చెబుతారు. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చినప్పుడు ఆ ఆశ తీరింది. ఆకలి చావులు తగ్గించిన పథకం అది, దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లు ఏనాడూ పస్తులుండని వాళ్లు. కాని అదే కాలంలో చెల్కల్లో జొన్న పోయి పత్తి, మిరప వచ్చాయి. జొన్నతో పాటు పొలంలో సాళ్ల మధ్య వేసే కంది, బొబ్బెర, పెసర కూడా పోయాయి. గిన్నెలో బియ్యం ఒక్కటే మిగిలింది.

ఇప్పుడు తెలంగాణలో రేషన్ కార్డు మీద మనిషికి నెలకు 6 కిలోలు. 2025 ఉగాది నుంచి సన్నబియ్యం. రోజుకు 200 గ్రాములన్నమాట. ఇందులో కేలరీలు 700. మాంసకృత్తులు 15, 16 గ్రాములు. మిగిలినదాదాపు అంతా పిండిపదార్థమే, 156 గ్రాములు. జాతీయ పోషకాహార సంస్థ 2020లో వేసిన లెక్క ప్రకారం బరువు పని చేసే ఆడమనిషికి రోజుకు 2,720 కేలరీలు, మగమనిషికి 3,470 కేలరీలు కావాలి. మాంసకృత్తులు ఆడమనిషికి 46 గ్రాములు, మగమనిషికి 54. ఆ తక్కువ పడిన కేలరీలను మన మనుషులు దేనితో పూడుస్తున్నారు? బజార్లో కొన్న బియ్యంతో, చక్కెర చాయ్‌తో. పప్పు కొనాలంటే కూలి చాలదు. దేశం మొత్తానికీ ఇదే కథ. మనవాళ్లు తినే కేలరీల్లో నూటికి 62 పిండిపదార్థాల నుంచే వస్తున్నాయనీ, అందులో కొంత తగ్గించి ఆ చోట పప్పు, పాల వంటి మాంసకృత్తులు పెడితే షుగర్ ప్రమాదం తగ్గుతుందనీ వైద్య పరిశోధన మండలి సర్వే మీద 2025లో వచ్చిన పరిశోధన చెప్పింది. మన పెద్దావిడ కూడా ఆ మాటే అంటున్నది, "పప్పు ఉంటె బుక్కెడు బువ్వ సాలు, పచ్చిపులుసైతె కంచం నిండ పడుతది."

తెల్లబియ్యం మన మీద తెచ్చిన చిక్కు ఇది మొదటిది కాదు. మర పట్టి తవుడు తీసేసిన బియ్యమే తిన్నవాళ్లకు వెనక బెరిబెరి వచ్చేది. దాని మీద విచారణ కోసం 1918లో కూనూరులో మొదలైన చిన్న కేంద్రమే తరువాత హైదరాబాదుకు మారి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. అంటే నూరేళ్లకు పైగా ఈ సంగతి ఏలినవారికి తెలుసు.

చాయ్ సంగతి ఎవరూ లెక్కలోకి తీసుకోరు. పొలంలో ఆకలి చంపడానికి ఇచ్చేది చాయ్. గ్లాసుకు రెండు చెంచాల చక్కెర, రోజుకు నాలుగు గ్లాసులు. అంటే ఎనిమిది చెంచాలు, 40 గ్రాములు. గుప్పెడు బియ్యం వండుకు తిన్నంత పిండిపదార్థం, అదీ సూటిగా నెత్తుట్లోకి పోయేది, కడుపులో నిలిచేది ఏమీ లేదు. బువ్వ తగ్గించమన్నవాళ్లు ముందు ఈ చాయ్‌లో చక్కెర తగ్గించమనాల్సింది.

అదే గిన్నెతో

డబ్బు పెట్టకుండా ఏం చేయొచ్చో ముందు చెబుతాం. ఒక పూట కంచం నిండా 200 గ్రాముల బియ్యపు బువ్వ తింటే 156 గ్రాముల పిండిపదార్థం ఒక్కసారే దిగుతుంది. అదే బువ్వను మూడు పాళ్లు చేసి పొద్దున, నడి పొద్దున, పొద్దు వాలినాక తింటే పూటకు 50 గ్రాములు పడుతుంది. తిన్నది అంతే, కాల్వలో వరద మాత్రం రాదు. మధ్యలో ఆకలీ తగ్గుతుంది, మాత్రకు తోడుగా కడుపులో ఎప్పుడూ కొంత ఉంటుంది. పని ఉన్న రోజుకూ పని లేని రోజుకూ ఒకే కొలత పెట్టకండి. నాట్ల రోజు కండలు చక్కెర కాల్చుకుంటాయి. వేసవిలో పనిలేక ఇంట్లో కూర్చున్న రోజు అదే కంచం ఎక్కువవుతుంది. మన బతుకుల్లో జరిగేది తలకిందులు. పనున్న రోజు తినే తీరిక ఉండదు, తీరిక ఉన్న రోజు తిని పడుకుంటాం.

గిన్నెలో ముందు కూర, పప్పు తినండి, తరువాత బువ్వ. తినే వరుస మార్చినా చక్కెర పెరిగే వేగం తగ్గుతుందని పరీక్షల్లో తేలింది. పుంటికూర, గంగవాయిలి కూర, తోటకూర, పొన్నగంటి మన ఒడ్ల మీదా పెరటిలోనూ దొరికేవే. ఉలవలు, బొబ్బెర్లు, పెసర్లు 100 గ్రాముల్లో 20 గ్రాములకు పైగా మాంసకృత్తులున్నాయి, పీచూ ఉంది. రాత్రి నానబోసి పొద్దున ఉడికించిన పిడికెడు గుడాలు గుడ్డలో కట్టుకుపోతే పదింటికి పనికొస్తాయి, వంగిన చోటనే నిలబడి తినొచ్చు. గుడ్డు దొరికితే ఇంకా మంచిది.

ఇక కొన్ని నమ్మకాలు. బెల్లం షుగర్‌కు మంచిదంటారు. మంచిది కాదు. బెల్లమూ చక్కెరా నెత్తుటికి ఒక్కటే. మేడారంలో సమ్మక్క సారలమ్మలకు నిలువెత్తు బంగారం సమర్పించి ఇంటికి తెచ్చుకున్న బెల్లం నెలంతా చాయ్‌లో వేసుకుంటే చక్కెర వేసుకున్నట్టే. ఆ బెల్లానికి మంచి వాడకం పైన చెప్పాం, వణుకు వచ్చిన వేళకు కొంగున ఉంచుకోవడం.

గంజి వార్చితే షుగర్ పోతుందంటారు. కొంచెం పిండి పోతుంది, దానితో పాటు విటమినులూ పోతాయి, బువ్వ బువ్వగానే ఉంటుంది. చల్లారిన సద్దిబువ్వలో కొంత పిండి తేలికగా అరగకుండా మారుతుంది, మేలే గాని చిన్న మేలు. తైద అంబలి ఎంత తాగినా ఏం కాదంటారు. మెత్తటి పిండిని పలుచగా కాచి తాగితే అది గబగబా అరిగి చక్కెర పెంచుతుంది. గటక, రొట్టె నమలాలి గనుక నయం. జొన్నలో బియ్యం కంటే మూడింతలకు పైగా పీచు ఉంది, ఆకలి ఆగుతుంది. కాని జొన్నరొట్టెలోనూ పిండిపదార్థమే ఉంది, నాలుగు రొట్టెలు తింటే లెక్క మళ్లీ మొదటికే వస్తుంది. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం తెచ్చిన తెలంగాణ సోన వరిని షుగర్ నెమ్మదిగా పెంచే బియ్యమని అంటారు. పండించే రైతులు మన దగ్గరే ఉన్నారు, తినడానికి ఉంచుకోవచ్చు. కొలత మాత్రం తప్పదు.

ఇన్సులిన్ సూది దాకా వచ్చినవాళ్లు భయపడవలసింది లేదు. 1921లో టొరంటోలో దాన్ని కనిపెట్టిన బాంటింగ్, బెస్ట్, తోడుగా పనిచేసిన కోలిప్ 1923లో దాని పేటెంటును తలా ఒక డాలరుకు విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు, అది అందరి సొత్తు కావాలని. ఆ తరువాత కంపెనీలు దానితో ఏం చేశాయో వేరే కథ. ఫ్రిజ్ లేని ఇంట్లో తడి ఇసుకలో పెట్టిన మట్టికుండ దాన్ని చల్లగా ఉంచుతుంది. సీసా తడవకుండా మూత గట్టి డబ్బాలో పెట్టి కుండలో దించాలి.

మనిషి ఒక్కడివల్ల కాని పని

పైన చెప్పినవన్నీ చేసినా, పప్పు కొనలేకపోతే, పదింటికి గట్టెక్కే వీలు లేకపోతే ఏం లాభం? అందుకే ఈ శీర్షికలో ఈ సంగతి రాస్తున్నాం.

2013 ఆహార భద్రతా చట్టం పట్టికలో బియ్యం, గోధుమలతో పాటు ముతక ధాన్యాల పేరు కూడా ఉంది, కిలో ఒక రూపాయికి ఇవ్వాలని రాశారు. కర్ణాటకలో రేషన్ మీద రాగులు, జొన్నలు ఇస్తున్నారు. తమిళనాడులో 2007 నుంచి రేషన్ దుకాణంలో తక్కువ ధరకు కందిపప్పు ఇస్తున్నారు. మన దగ్గర కూడా 2013 ఉగాదికి "అమ్మహస్తం" అని 185 రూపాయలకు తొమ్మిది సరుకులు ఇచ్చారు, అందులో కిలో కందిపప్పు ఉండేది. నిలవలేదు. ఐక్యరాజ్య సమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. సభలు బాగానే జరిగాయి. కొర్రలు, సామలు పట్నం దుకాణాల్లో అందమైన సంచుల్లోకి ఎక్కాయి. వాటిని వెయ్యేళ్లుగా పండించి తిన్న గూడేల్లో సన్నబియ్యం మిగిలింది. కార్డు మీద మనిషికి నెలకు కిలో పప్పు, అడిగినవాళ్లకు బియ్యం బదులు కొంత జొన్న కావాలి. ఆ జొన్న ఈ జిల్లా చెల్కల్లోనే కొంటే రైతుకూ దారి దొరుకుతుంది. నెలనెలా మాత్రలు ఆగకుండా ఉపకేంద్రంలోనే దొరకాలి. మంగపేట, వాజేడు వైపు గూడేల నుంచి ఒక పూట కూలి పోగొట్టుకొని మాత్రల కోసం రావడం ఎన్ని నెలలు సాగుతుంది?

తిండి వేళ కూడా కూలి రేటు వంటిదే. గుత్త మాట్లాడేటప్పుడే పదింటికి అరగంట గట్టెక్కుతామని చెప్పుకోవాలి. షుగర్ ఉన్నవాళ్ల కోసం అని వేరుగా అడిగితే వాళ్లను పనికి పిలవడం మానేస్తారు. అందరి కోసం అడగాలి.

నాట్లు అయిపోయే ముందు ఆ ఊరికి మళ్లీ పోయాం. ముఠా పది గంటలకు గట్టెక్కుతున్నది. రైతు మొదటి రెండు రోజులు గొణిగాడట, ఎకరం అదే వేళకు అవుతుండటంతో ఊరుకున్నాడు. ఆమె మాత్ర మానలేదు. దవాఖానాలో పని వేళ చెప్పుకుంటే మాత్ర మార్చి ఇచ్చారు, పొద్దున సగం రొట్టె, పప్పు తిని వేసుకుంటున్నది. కొంగు ముడి విప్పి బెల్లం ముక్క చూపించింది. ఇన్ని రోజుల్లో అది ఒక్కసారే అక్కరకు వచ్చిందట, అదీ ఆమెకు కాదు. పక్క వరుసలో నాటు వేస్తున్న చిన్న కోడలొకామె ఒడ్డు మీద కూలబడితే పెట్టింది. ఏడాదిగా ఆ పిల్ల షుగర్ మాత్రలు మింగుతున్నదని ముఠాలో ఎవరికీ తెలియదు. చెబితే పనికి పిలవరని దాచుకుంది.